పుర్రచేతి బోల్టు

మా అబ్బ అన్నం కుడిచేత్తో తినేవాడు. సంతకం కుడిచేత్తో పెట్టేవాడు. తుపాకి మాత్రం ఎడమ భుజానికి ఆనించేవాడు. చిన్నప్పుడు అవ్వనడిగితే, "మీ అబ్బది పుర్రచెయ్యిరా. ఇంట్లో కొట్టి మాన్పించినారు. రేత్రిపూట చేన్లో ఎవురు చూస్తారు?" అంది. ఆ మాట నాకు అర్థం కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

నాదీ పుర్రచెయ్యే. ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఒక క్యాంపులో మొదటిసారి పాయింట్ 22 రైఫిల్ పట్టుకున్నాను. అలవాటుగా ఎడమ భుజానికి పెట్టుకున్నా. నేర్పించే ఆయన వచ్చి మాటా పలుకూ లేకుండా తుపాకి తీసి కుడి భుజానికి పెట్టాడు. ఐదు తూటాలు కాల్చాను. అట్టకు ఒక్కటీ తగల్లేదు. నా గురి చూసే కన్ను కూడా ఎడమదేనని అప్పటికి నాకు తెలీదు.

ఈ వ్యాసం ఆ రైఫిల్ గురించి, ఇంకా చెప్పాలంటే దాని కుడిపక్క పొడుచుకొచ్చి ఉండే ఒక ఇనపపిడి గురించి.

బోల్ట్ యాక్షన్ రైఫిల్ చూడని వాళ్లకు తలుపు గడియ గుర్తుచేస్తే చాలు. పిడిని పైకెత్తి, వెనక్కి లాగితే కాలిన తూటా ఎగిరిపడుతుంది. ముందుకు తోసి కిందికి దించితే కొత్త తూటా లోపలికెళ్లి గడియ పడుతుంది. కుడిచేతివాటం మనిషి ట్రిగ్గర్ నొక్కిన చేత్తోనే ఈ పని చేసేస్తాడు, తుపాకి భుజం మీంచి కదలదు. ఎడమచేతివాటం మనిషి ట్రిగ్గర్ వదిలేసి, చెయ్యి తుపాకి మీదుగా అవతలి పక్కకు చాచాలి. అట్టలను కాల్చేటప్పుడు అది చికాకు. దెబ్బతిన్న పులి మీదికొస్తుంటే ఆ రెండు సెకండ్లే ప్రాణం.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ తుపాకులన్నిటికీ మూలపురుషుడు 1898 నాటి జర్మన్ మౌజర్. తూటా లోపల పగిలితే ఆ గ్యాస్ ఎడమపక్కకు పోయేట్టు దాన్ని తయారు చేశారు. కుడిభుజం వాడి ముఖానికి అది దూరం. ఎడమభుజం వాడి ముఖం ఉండేది సరిగ్గా ఆ పక్కనే. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తే డిఫాల్ట్ యూజర్ ఎవరో మొదటిరోజే తేలిపోయింది. మిగిలినవాళ్లు ఎడ్జ్ కేస్.

ఎందుకిలా? వేట తుపాకి సైన్యం తుపాకికి పుట్టిన బిడ్డ కాబట్టి. భుజం భుజం కలిపి వరసలో నిలబడ్డ సిపాయిలు అందరూ ఒకే పక్కనుంచి కాల్చాలి, ఒకే ఆర్డర్‌కి ఒకేలా కదలాలి. అక్కడ ఎడమచేతివాటం ఉంటే కుదరదు. రిగ్బీ లాంటి లండన్ కంపెనీలు ఆ మౌజర్ యంత్రాన్నే పెద్దది చేయించి ఏనుగుల్ని, దున్నల్ని కొట్టే పెద్ద బోరు రైఫిళ్లు చేశాయి. 1911లో పాయింట్ 416 రిగ్బీ, 1912లో పాయింట్ 375 హాలండ్ అండ్ హాలండ్ వచ్చాయి. బోరు పెరిగింది, పిడి మాత్రం కుడిపక్కనే ఉండిపోయింది.

డబ్బున్న పుర్రచేతి దొరకు వేరే దారి ఉంది. రెండు గొట్టాల రైఫిల్‌కు బోల్టే ఉండదు, దాని కట్టెను కొలతలు తీసి అతని ఎడమ భుజానికి సరిపోయేట్టు వంచి ఇస్తారు. మహారాజులు కొనే సరుకది.

మన దేశానికొస్తే, ఎవరి చేతిలో ఎంత బోరు ఉండాలో తేల్చింది వేటగాడి అవసరం కాదు, సర్కారు భయం. 1878లో వైస్రాయ్ లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చాడు. భారతీయులకు లైసెన్స్ తప్పనిసరి, యూరోపియన్లకు మినహాయింపు. అదే ఏడాది, అదే లిట్టన్, దేశభాషా పత్రికల చట్టమూ తెచ్చాడు. తెలుగులో రాసేవాడి కలం, తెలుగు మాట్లాడేవాడి తుపాకి రెండూ ఒకే ఏడాది కట్టుబడ్డాయి. పత్రికల చట్టం కొన్నేళ్లకే పోయింది. ఆయుధాల చట్టం దొరలు పోయేదాకా, ఆ తర్వాత ఇంకొన్నేళ్లు కూడా ఉంది. పాళెగాళ్లు కుంపిణీతో తలపడిన చిత్తూరు సీమలో ఈ భయం ఇంకా పాతది.

1907లో పాయింట్ 450 బోరును ఇండియాలోకి రానివ్వడం ఆపేశారు. తిరుగుబాటుదారుల దగ్గరున్న పాత మార్టినీ హెన్రీ తుపాకులకు ఆ గుండ్లు పనికొస్తాయని అనుమానం. లండన్ కంపెనీలు వెంటనే 450ని వదిలి 465, 470 అంటూ కొత్త బోర్లు కనిపెట్టాయి. ఈ రోజుకీ ఆఫ్రికాలో ఏనుగుల వేటగాళ్లు గొప్పగా చెప్పుకునే 470 అలా పుట్టింది. సైన్యం వాడే పాయింట్ 303 కూడా మామూలు జనానికి దక్కలేదు. వాళ్లకోసం పాయింట్ 315, అంటే 8 మిల్లీమీటర్ల తూటా వచ్చింది. బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ ఆ బోరు రైఫిళ్లు చేసింది. మా అబ్బది అదే. పంటల రక్షణ కోసం ఇచ్చిన లైసెన్స్. దాన్ని పెద్ద బోరు అనలేం. కానీ శెనక్కాయల చేన్లోకొచ్చే అడవిపందులకు అది చాలినంత పెద్దదే.

మా ఊరు భాకరాపేట పక్కన. ఇంగ్లీషులో వేట పుస్తకాలు చదివేవాళ్లకు ఈ చుట్టుపక్కల పేర్లు తెలిసే ఉంటాయి. కెన్నెత్ ఆండర్సన్ 1954లో వేసిన 'నైన్ మ్యానీటర్స్ అండ్ వన్ రోగ్' పుస్తకంలో చామల లోయ పులి కథ ఉంది. ఆండర్సన్ 1910లో సికింద్రాబాద్ దగ్గర బొల్లారంలో పుట్టి, బెంగళూరులో బతికిన మనిషి. నేనా కథను బెంగళూరులో, ఆఫీసు బస్సులో చదివాను. మా మేనత్త ఊరి పేర్లు ఒక దొర ఇంగ్లీషులో కనబడటం ఒక రకం సంబరం.

నేను ఆగిపోయింది మాత్రం ఆయన తుపాకి దగ్గర. ఆండర్సన్‌కి ఇష్టమైనది పాయింట్ 405 వించెస్టర్, 1895 మోడల్. జాన్ బ్రౌనింగ్ డిజైన్. 1909లో థియోడోర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికాకు పట్టుకుపోయింది కూడా ఆ మోడలే. దానికి పక్కన పిడి ఉండదు, ట్రిగ్గర్ కింద లీవర్ ఉంటుంది. కిందికి తోసి పైకి లాగడమే. ఏ చేత్తోనైనా ఒకటే. సైన్యాలు ఎక్కువగా కాదన్న యంత్రం కాబట్టే దానికి కుడి ఎడమల పట్టింపు తక్కువ.

ఆండర్సన్ కథల్లో నాటు తుపాకులు కూడా తరచూ కనిపిస్తాయి. నీటిగుంటల దగ్గర రాత్రిళ్లు దాక్కుని కాల్చే పల్లెటూరివాళ్లవి. ఆయనకు వాళ్లమీద కోపం. గాయపడ్డ పులే నరమాంసానికి దిగుతుందని ఆయన వాదన, చాలావరకు నిజం కూడా. కార్బెట్ చంపిన చంపావత్ పులికి కూడా ఎప్పుడో తుపాకి దెబ్బకు కోరలు విరిగాయి. కానీ మంచి రైఫిల్ ఒకరికి, గొట్టంలో మందు కూరే తుపాకి ఇంకొకరికి ఎలా వచ్చాయన్న ప్రశ్న ఆ కథల్లో రాదు. అది 1878లోనే తేలిపోయిన లెక్క.

ఆండర్సన్ పక్కన పెట్టి చదవాల్సినవాడు మా జిల్లాలోనే పుట్టాడు, డాక్టర్ కేశవరెడ్డి. 'అతడు అడవిని జయించాడు' నవలలో పందులు కాసే ముసలాయన ఈటె పట్టుకుని రాత్రి అడవిలోకి పోతాడు. లైసెన్స్ లేదు, గుర్తింపు కోసం కథ రాసుకోవాలన్న ఆలోచన లేదు. ఆండర్సన్ ఉదయానికి పులితో తిరిగొస్తాడు. ముసలాయన ఏం తెచ్చుకున్నాడో నవల చదివి తెలుసుకోండి. అడవి అంటే ఏమిటో నాకు చెప్పింది రెండోదే. మొదటిది చెప్పింది తుపాకి అంటే ఏమిటో.

1959లో రెండు పనులు జరిగాయి. అమెరికాలో సావేజ్ కంపెనీ తన 110 మోడల్‌ను ఎడమపక్క బోల్టుతో అమ్మకానికి పెట్టింది. పుర్రచేతివాళ్లకోసం ఫ్యాక్టరీలో అచ్చుపోసిన తొలి బోల్ట్ రైఫిల్ అదే. అదే ఏడు మన పార్లమెంటు కొత్త ఆయుధాల చట్టం చేసింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణతో వేట దాదాపు పూర్తిగా మూతపడింది. లెక్కేస్తే, మా చేతికి సరిపోయే తుపాకి లోకంలో పుట్టాక మన అడవుల్లో వేటకు మిగిలింది పట్టుమని ముప్పై ఏళ్లు. దాన్లో ఒక్కటి కూడా భాకరాపేట కనుమ ఎక్కినట్టు నేను వినలేదు. అడవికి అది మంచిదే. శేషాచలంలో ఇప్పుడు వేట కావాలని నేననను.

మూడేళ్ల కింద ఆన్‌సైట్ మీద డల్లాస్ వెళ్లినప్పుడు, తోటి ఉద్యోగి ఒకాయన తన పాయింట్ 375 చూపించాడు. ఎడమ బోల్టు. షూటింగ్ రేంజ్‌లో నా చేతికిచ్చాడు. భుజానికి పెట్టుకుని పేల్చాను. ఎవరో భుజం మీద పిడిగుద్దు గుద్దినట్టు తన్నింది. కానీ ఎడమచెయ్యి తనంతట తానే లేచి పిడి లాగి, తోసి, దించింది. ఎక్కడా ఆలోచించాల్సిన పని లేకపోయింది. మూడు గుండ్లూ అట్ట మధ్యలోనే పడ్డాయి.

ఆ సాయంత్రం కొనాలనిపించిన మాట నిజం. వీసా మీద ఉన్నవాళ్లు వేట లైసెన్స్ తీసుకుంటే తుపాకి కొనడానికి అక్కడి చట్టంలో మినహాయింపు ఉంది. ఫారం కూడా తెరిచాను. కొని ఏం కొట్టాలి? నాకు కావాల్సింది జంతువు కాదు, ఆ పిడి. ఫారం మూసేశాను.

తిరిగొచ్చాక మా నాయన్నడిగాను, కుడి బోల్టుతో అబ్బ ఎట్లా కాల్చేవాడని. "మంచె మీద చింతకొమ్మ పంగలు కట్టుకున్నాడు. గొట్టం దాంట్లో పెట్టేవాడు. బరువు పంగ మోస్తుంది గదా, కుడిచెయ్యి ఖాళీ. ఎడమ వేలు ట్రిగ్గర్ మీంచి తీసేవాడే గాదు, కుడిచేత్తో బోల్టు లాగేవాడు" అన్నాడు. నేను కుర్చీలో కూర్చుని గాల్లో చేసి చూశాను. నిజమే. తుపాకి కదలకుండా ఆనుకుని ఉంటే, ఆ పద్ధతి కుడిచేతివాడి కన్నా వేగంగా కూడా ఉంటుంది. మౌజర్ కంపెనీ మా అబ్బ కోసం ఏమీ మార్చలేదు. మా అబ్బే చింతకొమ్మతో మార్చుకున్నాడు.

ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఆ తుపాకిని స్టేషన్లో పెట్టి రసీదు తెచ్చుకునేవాడు. ఆయన పోయాక ఎవరూ లైసెన్స్ తమ పేరుకు మార్పించుకోలేదు. నాయన తీసుకెళ్లి అప్పగించేశాడు. ఇంట్లో మిగిలినవి ఆ రసీదుల కట్ట, ఒక ఖాళీ తూటా.

మొన్న సంక్రాంతికి చేనుకు పోయాను. మంచె ఎప్పుడో పడిపోయింది. ఆ చింతపంగను మా చిన్నాయన ఇప్పుడు స్ప్రింక్లర్ పైపుకు ఆసరాగా వాడుతున్నాడు. మధ్యలో గొట్టం ఒరుసుకున్న చోట నున్నగా గాడి పడి ఉంది. ఎడమచెయ్యి దాంట్లో పెట్టి చూసుకున్నాను. "ఏం వెతుకుతాండావురా?" అన్నాడు చిన్నాయన. ఏంలేదన్నాను.