లైంగిక హింస, బాలలపై అఘాయిత్యాల నివారణ అధ్యయనాలు: గుంటూరు, ప్రకాశం ప్రాంతం

కృష్ణానదికి దక్షిణాన పత్తి, మిరప పండే నల్లరేగడి మైదానాల్లో స్త్రీలపై, పిల్లలపై జరిగే లైంగిక హింసను నమోదు చేసి, కారణాలు వెతికి, జరగకుండా ఆపడానికి సాగిన కృషి చరిత్ర ఈ వ్యాస విషయం. ఈ రంగంలోకి విశ్వవిద్యాలయాలు, సర్వే సంస్థలు ఆలస్యంగా వచ్చాయి. అంతకుముందు ఆ పనిని సంస్కర్తల జాబితాలు, పౌరహక్కుల సంఘాల నిజనిర్ధారణ నివేదికలు, విచారణ కమిషన్లు నెరవేర్చాయి. ఇక్కడ పేర్కొన్న ప్రాంతం 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజన తర్వాత ప్రధానంగా గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఉంది.

తొలి దశ

బాలికల రక్షణ తెలుగునాట బహిరంగ చర్చకు వచ్చింది 19వ శతాబ్ది చివర్లో. ఈ విషయంలో తొలి లెక్కల్లో ఒకటి విజయనగరం మహారాజా ఆనందగజపతి రాయించిన జాబితా. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్లు అందులో 1,034గా తేలాయి. ఐదేళ్ల వయసులో పెళ్లయినవారు 99 మంది, నాలుగేళ్లకు 44 మంది, మూడేళ్లకు 36 మంది, రెండేళ్లకు ఆరుగురు, ఏడాది వయసుకు ముగ్గురు. గురజాడ అప్పారావు 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' ముందుమాటలో ఈ అంకెలను ప్రచురించారు. ఇంటి గుట్టుగా చెల్లిపోయిన వ్యవహారాన్ని అంకెల రూపంలో జనం ముందు పెట్టిన ఆ పద్ధతి తర్వాతి కృషికి మంచి ఒరవడి అయింది.

చట్టం నెమ్మదిగా కదిలింది. 1860 శిక్షాస్మృతి బాలిక సమ్మతి వయసును పదేళ్లుగా పెట్టింది. 1891లో అది పన్నెండుకు పెరిగింది. 1929 శారదా చట్టం బాలికల కనీస వివాహ వయసును పద్నాలుగుగా నిర్ణయించింది.

గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ 1902లో వితంతు శరణాలయం నెలకొల్పారు. భార్య లక్ష్మీబాయమ్మతో కలిసి 1922లో శారదా నికేతనం స్థాపించి, నిరాశ్రయులైన బాలికలకు, వితంతువులకు చదువూ నీడా కల్పించారు. కళావంతుల కుటుంబాల బాలికలను ఆలయాలకు అంకితం చేయడాన్ని వ్యతిరేకిస్తూ యామినీ పూర్ణతిలకం 1920లలో తెలుగు జిల్లాల్లో ప్రచారం చేశారు. ముత్తులక్ష్మీ రెడ్డి ఉద్యమ ఫలితంగా వచ్చిన 1947 మద్రాసు చట్టం ఈ ఆచారాన్ని నిషేధించింది. తర్వాత మూడు దశాబ్దాల్లో ఈ విషయంపై చెప్పుకోదగ్గ నమోదు తక్కువ.

నిజనిర్ధారణల కాలం (1978–1991)

1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై సామూహిక అత్యాచారం జరిగింది. రిక్షా కార్మికుడైన ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చినా, రాయచూరుకు బదిలీ అయిన కేసులో నిందితులు 1981లో విడుదలయ్యారు. ఈ ఘటన కదిలించిన మహిళలు స్త్రీశక్తి సంఘటనను ఏర్పరచుకున్నారు. 1985లో హైదరాబాదులో అన్వేషి మహిళా అధ్యయన కేంద్రం ఆరంభమైంది. పోలీస్ స్టేషన్‌లో అత్యాచారానికి సంబంధించిన మథుర కేసు తీర్పును తప్పుపడుతూ 1979లో ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధాగంవర్, రఘునాథ్ కేల్కర్ సుప్రీంకోర్టుకు రాసిన బహిరంగ లేఖ 1983 చట్ట సవరణకు దారితీసింది. కస్టడీలో జరిగే అత్యాచారం ప్రత్యేక నేరమైంది. అటువంటి కేసుల్లో తాను సమ్మతించలేదని బాధితురాలు చెబితే న్యాయస్థానం ఆ మాటనే ఆధారంగా తీసుకోవాలన్న నియమం వచ్చింది.

ఈ మైదానాల్లో లైంగిక హింస కులంతో ఎలా పెనవేసుకుందో చీరాల సమీపంలోని కారంచేడు గ్రామ ఘటన బయటపెట్టింది. మంచినీటి చెరువు దగ్గర గేదెలు కడగడాన్ని దళిత మహిళ మున్నంగి సువార్తమ్మ అడ్డుకోవడంతో మొదలైన వివాదం 1985 జూలై 17న ఆరుగురు దళితుల హత్యకు దారితీసింది. ఆ రోజు మహిళలపై అత్యాచారాలు కూడా జరిగాయని నిజనిర్ధారణ నివేదికలు నమోదు చేశాయి. బాధితులు చీరాలలో తలదాచుకున్నారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం తదితరుల నాయకత్వంలో దళిత మహాసభ ఏర్పడింది. ఎస్సీ, ఎస్టీ మహిళలపై లైంగిక దాడులను కుల అత్యాచారాలుగా గుర్తించిన 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి ఈ ఉద్యమం బలమైన ప్రేరణ. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో వెలువడింది.

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులు హతులయ్యారు. తమ స్త్రీలతో దళిత యువకులు అసభ్యంగా ప్రవర్తించారన్న ఆరోపణను అగ్రకులాలవారు ముందు పెట్టారు. స్త్రీల గౌరవం పేరును హింసకు సాకుగా వాడుకునే తీరుకు ఇది అధ్యయనకారులు తరచు చూపే ఉదాహరణ. 1989 చట్టం కింద ప్రత్యేక న్యాయస్థానం ఆ ఊళ్లోనే కొలువుదీరింది. సాక్షులు పట్నాల చుట్టూ తిరిగే పని తప్పింది. 2007 జూలై 31న ఆ న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా ప్రకటించింది.

ఇదే కాలంలో వినుకొండలో పుట్టిన హేమలతా లవణం, గుర్రం జాషువా కుమార్తె, ముందు స్టువర్టుపురంలో, తర్వాత నిజామాబాదు జిల్లాలో దేవతలకు అంకితం చేసిన జోగినుల మధ్య ఓర్పుతో పనిచేశారు. జోగిని, దేవదాసీ ఆచారాలను నిషేధిస్తూ రాష్ట్రం 1988లో చట్టం తెచ్చింది.

పిల్లల మాట వినే సర్వేలు

1962లో అమెరికన్ వైద్యుడు హెన్రీ కెంప్, సహచరులు పిల్లల ఒంటిపై దెబ్బలను వైద్యపరంగా గుర్తించే తీరును వివరించాక పిల్లలపై హింస ప్రపంచవ్యాప్తంగా పరిశోధనాంశమైంది. భారతదేశం 1992లో బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది.

2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ ప్రచురించిన అధ్యయనం ఈ చరిత్రలో పెద్ద మలుపు. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను నేరుగా అడిగారు. 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. తీవ్రమైన వేధింపు 21.90 శాతం. బాధితుల్లో 52.94 శాతం మగపిల్లలు, 47.06 శాతం ఆడపిల్లలు. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, నమ్మకస్థానంలో ఉన్నవారు. అత్యధిక శాతాలు నమోదైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చాలామంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేదు. వేధించేది ఊరికి కొత్తవాడు, వేధింపుకు గురయ్యేది ఆడపిల్లే అన్న రెండు నమ్మకాలను ఈ ఒక్క నివేదిక కూలదోసింది.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2002 నుంచి నడిపిన యంగ్ లైవ్స్ అధ్యయనం సుమారు 3,000 మంది తెలుగు పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించింది. బడిలో ఉపాధ్యాయుడు పిల్లలను కొట్టడం గత వారంలో చూశామని ఎనిమిదేళ్లవారిలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా చెప్పారు. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 బడిలో దండనను నిషేధించింది. యంగ్ లైవ్స్ నమూనా జిల్లాల్లో గుంటూరు, ప్రకాశం లేవు.

పొలాలు, వలసలు

పత్తి విత్తనోత్పత్తి పొలాల్లో బాలికల శ్రమపై దావులూరి వెంకటేశ్వర్లు చేసిన పరిశోధనలు ఈ పంటలోని హింసకు ఆర్థిక మూలాలు చూపాయి. 2001లో లూసియా డా కోర్టాతో కలిసి ఆయన రాసిన వ్యాసం, అప్పులు, ముందస్తు బయానాలు ఆడపిల్లలను పొలానికి ఎలా కట్టేస్తాయో వివరించింది. నెల్లూరుకు చెందిన శాంతా సిన్హా ఎం.వి. ఫౌండేషన్ ద్వారా బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాలకార్మికుల్లో లెక్కించాలని పట్టుబట్టారు. ఆమె 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు.

మిరప కోతల కాలంలో కర్నూలు పడమటి మండలాల నుంచి, ప్రకాశం మెట్ట నుంచి కుటుంబాలు గుంటూరు, పల్నాడు పొలాలకు వస్తాయి. కర్నూలువారు దీన్ని సుగ్గికి పోవడం అంటారు. పొలం గట్టున పట్టాలు కప్పిన గుడారమే ఇల్లు. పెద్దలు తెల్లవారుజామున కాయ కోతకు వెళ్తే పదేళ్ల పిల్ల చంటివాడిని ఎత్తుకుని గుడారం దగ్గర ఉంటుంది. స్నానానికి చాటు ఉండదు, రాత్రి తలుపు ఉండదు. చదువు ఆగిన పిల్లకు తొందరగా పెళ్లి చేయడం తల్లిదండ్రులకు రక్షణగా తోస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. వలస వెళ్లేవారి పిల్లలను సొంత ఊళ్లోనే ఉంచి చదివించే సీజనల్ హాస్టళ్లు ఈ పరిస్థితికి దొరికిన ఆచరణీయమైన జవాబు. ఒంగోలు కేంద్రంగా హెల్ప్ సంస్థ స్త్రీలు, పిల్లల అక్రమ రవాణాపై పనిచేస్తోంది.

చట్టం, దాని తర్వాత

2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో (లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ) చట్టం పిల్లలపై జరిగిన అధ్యయనాలు చెప్పిన చాలా విషయాలను నిబంధనలుగా మార్చింది. నేరం తెలిసిన ప్రతివారూ ఫిర్యాదు చేయాలి. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంట్లో లేదా బిడ్డ కోరిన చోట, వీలైనంతవరకు ఎస్.ఐ. స్థాయికి తగ్గని మహిళా అధికారి యూనిఫాం లేకుండా నమోదు చేయాలి. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. కోర్టులో బిడ్డకు నిందితుడు ఎదురుపడకూడదు. సాధ్యమైనంతవరకు ఏడాదిలో విచారణ ముగియాలి.

2015 జూలైలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో వేధింపుల ఆరోపణల మధ్య ఒక విద్యార్థిని మరణించాక ఎస్. బాలసుబ్రహ్మణ్యం కమిటీ విచారణ జరిపింది. 2018 మేలో దాచేపల్లిలో తొమ్మిదేళ్ల బాలికపై అత్యాచారం జరిగినప్పుడు జనం రోడ్లెక్కారు. నిందితుడు శవమై దొరకడంతో కేసు న్యాయస్థానం దాకా వెళ్లలేదు. 2019 డిసెంబరులో శాసనసభ ఆమోదించిన దిశ బిల్లు 21 పని దినాల్లో తీర్పు రావాలంది. రాష్ట్రపతి ఆమోదం దక్కక అది చట్టం కాలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రకటించిన ఇన్‌స్పైర్ విధానం చట్టాల అమలుతో పాటు తల్లిదండ్రులకు తోడ్పాటు, కుటుంబ ఆదాయం, భద్రమైన పరిసరాలు, చదువు, జీవన నైపుణ్యాలను నివారణ మార్గాలుగా పేర్కొంది. ఈ మైదానాలకు అది సరిగ్గా సరిపోతుంది. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలంటుంది. మిరప తొడిమలు తీసే మహిళలు, జిన్నింగ్ మిల్లు మహిళా కూలీలు తమ పనిచోట అంతర్గత కమిటీ లేకపోతే, లేదా ఫిర్యాదు యజమానిపైనే అయితే, మూడు నెలల్లోపు అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. పిల్లల కోసం 1098, మహిళల కోసం 181 నంబర్లు పనిచేస్తున్నాయి. కోత మొదలయ్యే ముందే ఈ కమిటీ పేరు, ఈ నంబర్లు ప్రతి ముఠాకూ, ప్రతి గుడారానికీ చేరడం నివారణలో మొదటి మెట్టు.