నేల దాచని గుట్టు: ఉపగ్రహ చిత్రాలు, సైనిక రహస్యాలు

సైనిక స్థావరం చుట్టూ కంచె వేసి, కాపలా పెట్టి, అచ్చయ్యే పటాల్లో ఆ చోటును ఖాళీగా వదిలేస్తే రహస్యం దక్కుతుందన్న నమ్మకం, చూసేవాడు నేలమీదే నిలబడి ఉంటాడన్న ఊహపై ఆధారపడినది. అమెరికా గూఢచార ఉపగ్రహం కరోనా జారవిడిచిన ఫిల్మ్ పెట్టెను 1960 ఆగస్టులో ఒక విమానం గాలిలోనే అందుకున్ననాడే ఆ ఊహకు కాలం చెల్లింది. అయినా ఆ చిత్రాలను చూసే హక్కు కొద్దిమంది అధికారులకే ఉండడంతో, అగ్రరాజ్యాల ప్రభుత్వాలు ఒకదాని గుట్టు మరొకటి ఎరిగి ఉన్నా వాటి ప్రజలకు మాత్రం ఏమీ తెలియని పరిస్థితి కొనసాగింది. ఆనాటి చిత్రాలు 8,60,000కు పైగా ఉన్నా, వాటిపై గోప్యతను తొలగించింది 1995లోనే.

పౌర అవసరాల కోసం 1972లో ఎగిరిన ల్యాండ్‌శాట్ చిత్రాల రిజల్యూషన్, అంటే ఒక్కో చిత్రబిందువు నేలమీద ఆక్రమించే మేర, సుమారు 80 మీటర్లు. పంటలనూ చెరువులనూ గుర్తించడానికి అది చాలేది గాని, భవనాలను విడివిడిగా చూపేది కాదు. ఫ్రాన్స్ ఉపగ్రహం స్పాట్ 1986లో ఆ కొలతను 10 మీటర్లకూ, హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ షాద్‌నగర్ కేంద్రానికి సమాచారం పంపిన భారత ఉపగ్రహం ఐఆర్ఎస్-1సి 1995లో 5.8 మీటర్లకూ తగ్గించగా, 1999లో ఐకొనోస్ అనే ప్రైవేటు ఉపగ్రహం 1 మీటరు వివరాన్ని డబ్బు చెల్లించిన వారికి అందుబాటులోకి తెచ్చింది.

ఆ వివరం ఏమి చేయగలదో మరుసటి ఏడాదే తెలిసింది. 1998లో జపాన్ మీదుగా రాకెట్ ప్రయోగించి కలవరం రేపిన ఉత్తర కొరియా ప్రయోగ కేంద్రం చిత్రాన్ని ఫెడరేషన్ ఆఫ్ అమెరికన్ సైంటిస్ట్స్ అనే స్వచ్ఛంద సంస్థ కొని 2000 జనవరిలో ప్రచురించింది. ప్రయోగ వేదిక కనిపించింది గాని, వరుస ప్రయోగాలు జరిపే కేంద్రానికి తప్పనిసరి అయిన రైలు మార్గం, చదునైన పక్కా రోడ్లు, పెద్ద ఎత్తున సిబ్బంది నివాసాలు అక్కడ లేవని ఆ సంస్థ విశ్లేషకులు చూపించారు. క్షిపణి ముప్పు ఎంతటిదన్న రాజకీయ వాదంలో, కనిపించనిది కూడా సాక్ష్యమేనని సామాన్య పౌరుడు స్వయంగా పరిశీలించి తెలుసుకోగల అవకాశం అప్పుడు వచ్చింది. ఈ చరిత్రలో నిజంగా విలువైన మలుపు ఇదే.

2005లో గూగుల్ ఎర్త్ ఈ చిత్రాలను ఉచితం చేసినప్పుడు, ఆ అక్టోబరులో హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీలో మాట్లాడిన రాష్ట్రపతి ఏ.పి.జె. అబ్దుల్ కలాం భద్రత దృష్ట్యా ఆందోళన వ్యక్తం చేశారు. ఆ ఆందోళన నిరాధారం కాదు. అయితే అదే సాధనం భారతీయులకు ఎంతో ముఖ్యమైన సంగతినీ బయటపెట్టింది. చైనాలోని నింగ్‌షియా ప్రాంతంలో, హువాంగ్‌యాంగ్‌టాన్ అనే చోట ఒక సైనిక ప్రాంగణం పక్కన, సుమారు 900 మీటర్ల పొడవు, 700 మీటర్ల వెడల్పున కొండలు, మంచు శిఖరాలు, సరస్సులతో సహా మలచిన నేల నమూనా ఒకటి 2006లో ఒక ఔత్సాహికుడి కంటపడింది. పోల్చి చూడగా అది అక్కడికి వేల కిలోమీటర్ల దూరాన, భారత్-చైనాల మధ్య వివాదంలో ఉన్న అక్సాయ్‌చిన్ భూభాగానికి అచ్చమైన ప్రతిరూపమని తేలింది. 2007లో హాన్స్ క్రిస్టెన్సన్ అనే పరిశోధకుడు దాల్యాన్ సమీపంలోని రేవు చిత్రంలో చైనా కొత్త అణు క్షిపణి జలాంతర్గామిని గుర్తించి, పాత తరగతి కంటే అది 10 మీటర్ల మేర పొడవైనదని లెక్కగట్టాడు.

దాచే ప్రయత్నాలే కొన్నిసార్లు చోటును పట్టిచ్చాయి. రష్యా సంస్థ యాండెక్స్ తన పటాల్లో ఇజ్రాయెల్, తుర్కియే దేశాల సైనిక స్థలాలను మసకబార్చడంతో, ఆ మసకలనే లెక్కించి 300కు పైగా స్థలాల జాబితాను 2018లో తయారుచేయగలిగారు. విదేశీ ఉపగ్రహాలు నెత్తిమీదికి వచ్చే వేళలు లెక్కగట్టుకొని, రాత్రి పనిచేసి పగటికి సామగ్రిని యథాస్థానంలో ఉంచి 1998లో పోఖ్రాన్ అణుపరీక్షల సన్నాహాలను కాపాడిన నేర్పు, ప్లానెట్ సంస్థ చిన్న ఉపగ్రహాల గుంపు భూతలాన్ని దాదాపు ప్రతిరోజూ చిత్రించే నేటి కాలంలో అంత తేలికగా సాగదు. 2021లో చైనాలోని యుమెన్ ఎడారిలో సుమారు మూడేసి కిలోమీటర్ల ఎడంతో గళ్లుగా పరచుకున్న 119 క్షిపణి గోతుల నిర్మాణాన్ని అమెరికా పరిశోధకులు ఆ చిత్రాలతోనే గుర్తించారు. తవ్వకం కనబడకుండా ఒక్కో గోతిపై కప్పిన గుమ్మటమూ, కేబుళ్ల కోసం నేలలో తీసిన కందకాలూ వారికి ఆనవాళ్లయ్యాయి. ప్రపంచమంతటా సులువుగా దొరికే సమాచారాన్ని ఇక్కడ నియంత్రించనవసరం లేదని భారత ప్రభుత్వం పటాల మార్గదర్శకాలను సడలించినది కూడా ఆ ఏడాది ఫిబ్రవరిలోనే.