పొయ్యి బిగింపు: వంటగ్యాస్ చరిత్రలో లెక్కకు రాని అధ్యాయం

వంటగ్యాస్ విషయంలో మన రాజకీయాలకు తెలిసిన ప్రశ్నలు రెండే. ఎన్ని కనెక్షన్లు ఇచ్చారు? సిలిండర్ ధర ఎంత? ఎన్నికల వాగ్దానాలూ, సభల్లో గందరగోళమూ, ప్రభుత్వాల వెనుకడుగులూ ఈ రెండింటి చుట్టూనే తిరిగాయి. ఆ సిలిండర్ ఇంట్లో అడుగుపెట్టిన రోజున దానిని ఎవరు బిగించారు, ఎక్కడ నిలబెట్టారు, వండే మనిషికి ఏం చెప్పారు అన్న మూడో ప్రశ్న అగ్నిప్రమాదం జరిగిన మర్నాడు జిల్లా పేజీలో ఒక మూలన కనిపించి మాయమవుతుంది. నిజానికి ఆ ఇంటివారి ప్రాణాలు ఆధారపడి ఉన్నది ఈ మూడో ప్రశ్న మీదనే.

మన దేశంలో వంటగ్యాస్ అమ్మకం 1950ల మధ్యలో బొంబాయిలో బర్మా షెల్ కంపెనీతో మొదలైంది. ప్రభుత్వరంగ ఇండియన్ ఆయిల్ సంస్థ 1965 అక్టోబరు 22న కలకత్తాలో తొలి ఇండేన్ కనెక్షన్ ఇచ్చింది. 1974లో ఎస్సో, 1976లో బర్మా షెల్, ఆ తరువాత కాల్టెక్స్ ప్రభుత్వపరమయ్యాయి. సరఫరా తక్కువ, అడిగేవారు ఎక్కువ. ఏళ్ల తరబడి నిరీక్షణ జాబితాలు నడిచాయి. పార్లమెంటు సభ్యులకు గ్యాస్ కనెక్షన్ల కోటా ఉండేదంటే ఈనాటి యువతరం నమ్మకపోవచ్చు. పొయ్యి కూడా పలుకుబడితో వచ్చే వస్తువుగా ఉన్న రోజులవి.

ఆ రోజుల్లో కనెక్షన్ దక్కినవారు ప్రధానంగా పట్టణ మధ్యతరగతి. నిలబడి వండుకునే గట్టు, గాలి వచ్చే కిటికీ ఉన్న పక్కా వంటిల్లు వారికి ఉండేది, లేదా కట్టించుకోగల స్తోమత ఉండేది. సిలిండర్ కింద, పొయ్యి పైన ఉండాలన్న ప్రాథమిక నిబంధన అలాంటి ఇంట్లో ఎవరికీ భారం కాలేదు.

ఈ నిబంధన వెనుక ఉన్న కారణం సరళమైనది. సిలిండర్‌లోని ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమం ఆవిరైనప్పుడు గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైన గ్యాస్ పైకి పోదు. నేల మీద పరుచుకుని, మూలల్లోనూ గుంటల్లోనూ నిలిచిపోతుంది. ఒక లీటరు ద్రవం దాదాపు 250 లీటర్ల ఆవిరి అవుతుంది. గాలిలో అది రెండు శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. నేల మీద పొయ్యి, పక్కనే సిలిండర్ ఉంటే, లీకైన గ్యాస్ నేరుగా మంట దగ్గరకే చేరుతుంది. అసలు ఈ గ్యాస్‌కు వాసన లేదు. మనం గ్యాస్ వాసన అనుకునేది హెచ్చరిక కోసం కలిపే ఇథైల్ మెర్కాప్టాన్‌ది.

పొరుగు దేశాల అనుభవం వేరు. పాకిస్తాన్‌లో 1952లో బలూచిస్తాన్‌లోని సుయి వద్ద సహజవాయువు దొరికింది. పట్టణాలకు అది గొట్టాల ద్వారా చేరింది. సహజవాయువు గాలి కంటే తేలిక, పైకి లేస్తుంది. అక్కడి ప్రమాదం మరో రూపంలో వస్తుంది. చలికాలంలో సరఫరా తగ్గి మంట ఆరిపోతుంది. తిరిగి గ్యాస్ వచ్చినప్పుడు, కట్టేయని పొయ్యి నుంచీ హీటరు నుంచీ అది గదిని నింపుతుంది. బంగ్లాదేశ్‌లోని నారాయణ్‌గంజ్‌లో 2020 సెప్టెంబరులో భూగర్భ గొట్టం నుంచి లీకైన గ్యాస్ మసీదులో చేరి పేలి 30 మందికి పైగా మరణించారు. ఇంధనం ఏదైనా, ప్రమాదం ఎక్కువగా పుట్టేది దానిని తెచ్చి ఇచ్చే చోట, బిగించే చోట, తనిఖీ చేయవలసిన చోట.

పేదల వంటింటికి గ్యాస్ చేర్చే ప్రయత్నం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకంతో పెద్ద ఎత్తున జరిగింది. స్వయం సహాయక సంఘాల మహిళల తరఫున డిపాజిట్‌ను రాష్ట్ర ప్రభుత్వమే చెల్లించింది. దేశవ్యాప్తంగా ఉజ్జ్వల పథకం 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ప్రారంభమైంది. మూడున్నరేళ్లు తిరగకముందే, 2019 సెప్టెంబరులో 8 కోట్ల కనెక్షన్ల లక్ష్యం పూర్తయింది. కట్టెల పొగలో కళ్లు, ఊపిరితిత్తులు పాడుచేసుకున్న తరాలను తలచుకుంటే ఇది చిన్న విజయం కాదు.

అయితే ఆ పథకం కింద ఒక్కో కనెక్షన్‌కు కేంద్రం ఇచ్చిన 1600 రూపాయల పద్దు చూడండి. సిలిండర్ డిపాజిట్‌కు 1250, రెగ్యులేటర్‌కు 150, గొట్టానికి 100, వినియోగదారు పుస్తకానికి 25. తనిఖీకి, బిగింపుకి, వాడకం నేర్పడానికి కలిపి 75 రూపాయలు. పొయ్యిని నేల నుంచి పైకెత్తే గట్టుకు ఈ పద్దులో చోటు లేదు. తరతరాలుగా పీట మీద కూర్చుని వండిన ఇంటికి, నిలబడి వండే ఇంటి కోసం రాసిన నిబంధనలతో పొయ్యి వెళ్లింది. అదే 2016లో మొదలైన గ్రామీణ ఆవాస్ యోజన, కొత్త ఇంటి కనీస వైశాల్యాన్ని 25 చదరపు మీటర్లకు పెంచి, అందులో వంటకు ప్రత్యేక స్థలం ఉండాలన్నది. మంచి ఆలోచనే. కానీ ఇల్లు రానివారి సంగతి?

2019 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదికలో అందరూ చర్చించినది రీఫిల్‌ల సంగతి. లబ్ధిదారులు ఏడాదికి సగటున మూడు సిలిండర్లు మాత్రమే వాడుతున్నారన్న విషయం పత్రికలకెక్కింది. అదే నివేదికలో మరో అంశం ఉంది. ఏడు రోజుల్లో బిగించవలసిన కనెక్షన్లలో 4.35 లక్షల కనెక్షన్లకు ఏడాదికి పైగా ఆలస్యం జరిగింది. అంటే ఆ సామగ్రి ఇంటికి చేరకపోయి ఉండాలి, చేరినా మూలన పడి ఉండాలి, లేదా ఎవరికి తోచినట్లు వారు తగిలించుకుని ఉండాలి. మూడింటిలో ఏది నిజమైనా, లక్ష్యాల జాబితాలో మాత్రం అది ఒక కనెక్షనే.

ఉన్నవారి ఇళ్లలో మరో రకం నిర్లక్ష్యం ఉంది. సిలిండర్ కనిపించకూడదని దానిని మూసిన అలమారలో పెట్టి తలుపు బిగిస్తున్నారు. బరువైన గ్యాస్ బయటికి పోవాలంటే నేల మట్టంలో గాలి మార్గం కావాలి. సిలిండర్ నిలువుగానే ఉండాలి. గొట్టం ప్రమాణ ముద్ర ఉన్నదై, మలుపులు లేకుండా, పొయ్యి కింద నుంచి గానీ గోడలోంచి గానీ పోకుండా ఉండాలి. ఐదేళ్లకు మార్చాలి. వాల్వు లోపలి రబ్బరు వాషరు చూడాలి. అతుకుల వద్ద సబ్బు నీరు పూసి బుడగలు వస్తున్నాయేమో గమనించాలి. అగ్గిపుల్ల వెలిగించి చూడటం ఆత్మహత్యతో సమానం. వాసన వస్తే ఏ స్విచ్చినీ వేయకుండా, ఆర్పకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి.

ఇవన్నీ ఒక శిక్షణ పొందిన మెకానిక్ తీరికగా చేసి, చూపి, చెప్పగలిగిన పనులు. ఆ తీరికకు తగిన వేతనం ఇవ్వవలసింది వ్యవస్థ. 2024లో తెలంగాణ 500 రూపాయలకే సిలిండర్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల పథకం తెచ్చింది. రెండూ పేద ఇల్లాలికి ఊరటే. అదే వేదికల మీద, ఎన్ని ఇళ్లలో పొయ్యి గట్టెక్కింది, ఎన్ని గొట్టాలు గడువు దాటాయి, ఎన్ని ఇళ్లను తనిఖీ చేశారు అన్న లెక్కలను కూడా అడగాలి. ఇచ్చిన కనెక్షన్ల సంఖ్య ప్రభుత్వం తనంత తానే చెబుతుంది. ఈ లెక్క మాత్రం మనం అడిగితే తప్ప బయటికి రాదు.