మితాక్షర న్యాయం: పల్నాట ఆస్తి పంపకాల చరిత్ర

పల్నాడు జిల్లా నడికుడిలో గానీ, దగ్గరలోని గురజాలలో గానీ అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పెద్దమనుషులు ముందుగా తేల్చేది ఏ పొలం పిత్రార్జితం, ఏది స్వార్జితం అన్న సంగతి. స్వార్జితమైతే తండ్రి ఇష్టం. పిత్రార్జితమైతే బిడ్డకు పుట్టుకతోనే పాలు ఉంటుంది. ఈ సూత్రాన్ని గట్టిగా నిలబెట్టినవాడు కల్యాణి చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలంనాటి విజ్ఞానేశ్వరుడు. యాజ్ఞవల్క్య స్మృతికి ఆయన రాసిన వ్యాఖ్యే మితాక్షర. 13వ శతాబ్దంలో కేతన దాన్ని ‘విజ్ఞానేశ్వరీయం’ పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అయితే స్మృతి నేటి చట్టంలోకి తిన్నగా నడిచి రాలేదు. ఆచారంతో పెనుగులాడి, ఇంగ్లీషు కోర్టుల్లో కొంత కుదించుకుపోయి, చివరికి శాసనసభ చేతిలో కొత్త రూపు దిద్దుకుంది. ఇన్ని మార్పుల్లోనూ చెక్కుచెదరనిది జన్మహక్కు ఒక్కటే.

స్మృతులు పండితుల గ్రంథాలే తప్ప ఊళ్ళు నడిచింది ఆచారం మీద అనే వాదం ఒకటుంది. అందులో చాలా నిజముంది. ఇల్లరికమే సాక్ష్యం. మగపిల్లలు లేని రెడ్డి, కమ్మ కుటుంబాలు అల్లుణ్ణి ఇంట్లో పెట్టుకుని కొడుకుతో సమానంగా ఆస్తి ఇవ్వడం ఏ స్మృతీ విధించింది కాదు. అయినా 1881లో హనుమంతమ్మ కేసులో మద్రాసు హైకోర్టు ఆ ఆచారాన్ని ఒప్పుకుంది. అంతకుముందే, 1868లో, రామనాథపురం జమీందారీ దత్తత వివాదంలో ప్రివీ కౌన్సిల్ స్పష్టంగా రుజువైన ఆచారం శాస్త్రవచనాన్ని మించుతుందని తీర్పిచ్చింది. కానీ ‘రుజువైన’ అన్న షరతులోనే అసలు మలుపు ఉంది. వారసత్వ తగాదాల్లో హిందువులకు శాస్త్రమే ప్రమాణమని 1772లో వారన్ హేస్టింగ్స్ నిర్ణయించాడు. 1810లో కోల్‌బ్రూక్ మితాక్షరలోని దాయభాగాన్ని, అంటే వారసత్వ ప్రకరణాన్ని, ఇంగ్లీషులోకి అనువదించాడు. ఆ తర్వాత ఆచారం ఉందన్నవాడే దాన్ని నిరూపించుకోవాలి. నిరూపించలేకపోతే మితాక్షరే వర్తిస్తుంది. రచ్చబండ దగ్గర పది మాటల్లో ఒక మాటగా ఉన్న గ్రంథం కోర్టులో అందరికీ వర్తించే నియమమైంది. స్మృతికి అంత బలం పూర్వపు రాజుల కాలంలో ఉండేదని నేననుకోను.

ఆ బలం ఆడపిల్లకు మాత్రం కలిసిరాలేదు. అన్నదమ్ములు తమ భాగాల్లోంచి నాలుగోవంతు అక్కచెల్లెళ్ళకు ఇవ్వాలని యాజ్ఞవల్క్యుడు చెప్పాడు. అది పెళ్ళి ఖర్చు మాత్రమే అన్నవాళ్ళతో విజ్ఞానేశ్వరుడు వాదించి, పెళ్ళికాని కూతురికి నిజంగానే అంశం ఉందని తేల్చాడు. తర్వాతి కాలం ఆ మాటను పక్కనబెట్టి, పోషణ, పెళ్ళి ఖర్చులతో సరిపెట్టింది. కూతురికి తండ్రి వాటాలో చోటిచ్చిన 1956 హిందూ వారసత్వ చట్టం కూడా ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కును మగపిల్లలకే ఉంచింది. నందమూరి తారకరామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ (1986లో 13వ చట్టం) 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. ఈ పని చేసిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశే. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళను మినహాయించింది. స్మృతిలో అంశం పొందినదీ పెళ్ళికాని కూతురే.

ఇది రాజ్యాంగం ఇచ్చిన సమానత్వమే గాని స్మృతి ప్రభావం కాదనవచ్చు. ప్రేరణ రాజ్యాంగానిదే, సందేహం లేదు. వరకట్నాన్ని అరికట్టాలన్న తపనా అందులో ఉంది. కానీ సమానత్వానికి వేరే దారీ ఉండింది. కేరళ 1975 చట్టంతో ఉమ్మడి కుటుంబ ఆస్తి పద్ధతినే, దానితోపాటు జన్మహక్కునూ రద్దు చేసింది. ఆంధ్ర శాసనసభ మాత్రం మితాక్షర చట్రాన్ని ఉంచి, అందులోకి కూతుర్ని చేర్చింది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ అదే దారిలో నడిచి, పెళ్ళయిన కూతుళ్ళకూ హక్కు కల్పించింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలను తిరగదోడడానికి వీల్లేదు. నోటిమాట పంపకాల సంగతి వేరు: ఎప్పుడో పంచేసుకున్నామని, చెల్లెలికి పసుపుకుంకుమ కింద ఎకరం ఇచ్చామని అన్నంత మాత్రాన చాలదు, దానికి ప్రభుత్వ రికార్డుల్లో గట్టి ఆధారం చూపాలి.