బుష్కే-లోవెన్‌స్టైన్ కణితి

జననాంగాల మీద, మలద్వారం చుట్టూ వచ్చే పులిపిర్లు అదుపు లేకుండా పెరిగి ఏర్పడే అరుదైన పెద్ద గడ్డను బుష్కే-లోవెన్‌స్టైన్ కణితి అంటారు. జర్మన్ చర్మవైద్యుడు అబ్రహాం బుష్కే దీన్ని 1896లో గుర్తించాడు. 1925లో లోవెన్‌స్టైన్‌తో కలిసి వివరంగా వర్ణించాడు.

కారణాలు

హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) 6, 11 రకాలు దీనికి ప్రధాన కారణం. మామూలు జననాంగ పులిపిర్లకూ ఇవే మూలం. హెచ్‌ఐవీ ఉన్నవారిలో, అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిలో ముప్పు ఎక్కువ.

లక్షణాలు

గడ్డ కాలీఫ్లవర్‌లా గుత్తులుగా పెరుగుతుంది. మడతల మధ్య చెమ్మ నిలిచి చీము, దుర్వాసన వస్తాయి. నెత్తురు కారుతుంది, కూర్చోవడం కూడా కష్టమవుతుంది. మామూలు పులిపిరి పైకే పెరిగితే, ఇది లోపలి కండలోకీ చొచ్చుకుపోతుంది. దూరపు అవయవాలకు పాకడం అరుదే అయినా, గడ్డలో కొంత భాగం క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది.

నిర్ధారణ

పైపొర నుంచి చిన్న ముక్క తీసి చూస్తే క్యాన్సర్ బయటపడకపోవచ్చు. అందుకే పలుచోట్ల, లోతు నుంచి బయాప్సీ చేస్తారు. గడ్డ ఎంత లోతుకు దిగిందో, మలద్వార కండరాన్ని తాకిందో లేదో ఎంఆర్‌ఐలో తెలుస్తుంది. హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలూ చేస్తారు.

చికిత్స

చిన్న పులిపిర్లకు ఇమిక్విమోడ్ క్రీము, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం, ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం పూత వంటివి వాడతారు. ఆమ్లం తగిలిన చోట పులిపిరి తెల్లబడి, కొద్దిరోజులకు రాలిపోతుంది. ఈ పెద్ద గడ్డకు మాత్రం పూతలు చాలవు. చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన చర్మాన్ని కూడా కొంత కలిపి కోసి తీసెయ్యడమే ముఖ్య చికిత్స. గాయం పెద్దదైతే వేరేచోటి చర్మం తెచ్చి అతుకుతారు. మలద్వారం దగ్గరి గాయం మానేదాకా కొందరికి పొట్ట మీద తాత్కాలిక మలమార్గం ఏర్పాటు చేయాల్సి వస్తుంది. తీసిన గడ్డనంతా ప్రయోగశాలలో పరీక్షించాలి. తిరగబెట్టడం తరచుగా జరుగుతుంది కాబట్టి, గాయం మానాక కూడా ఏళ్ల తరబడి పరీక్షలకు వెళ్లాలి.

నివారణ

6, 11 రకాలను అడ్డుకునే గార్డసిల్ టీకాకు 2006లో అమెరికాలో అనుమతి లభించింది. పుణేలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ కూడా ఈ రెండు రకాల నుంచి రక్షిస్తుంది. 16, 18 రకాలకే పరిమితమైన టీకాలు పులిపిర్లను ఆపలేవు. ఏ టీకా అయినా ఉన్న గడ్డను కరిగించదు. లైంగిక జీవితం మొదలుకాకముందే వేయించుకుంటే పూర్తి ప్రయోజనం దక్కుతుంది.