‘ట్రస్ట్’ అంటే ఏమిటి?

టెంఘర్, భివండీలలో మనం తరచూ వినే ‘ట్రస్ట్’ మాట ఇంగ్లీషులోకి పాత నార్స్ భాష నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం నమ్మకం, అండ.

చట్టంలో అయితే, ఇతరుల మేలు కోసం ఒకరి చేతికి అప్పగించిన ఆస్తి. దాన్ని చూసుకునేవారిని మరాఠీలో ‘విశ్వస్త’ అంటారు, మనం ‘ధర్మకర్త’ అంటాం. అది ఆయన సొంతానికి వాడుకునే ఆస్తి కాదు.

మహారాష్ట్రలో 1860 సొసైటీల చట్టం కింద సేవా, ధార్మిక పనులకు నమోదైన సంఘాలు 1950 పబ్లిక్ ట్రస్టుల చట్టం కిందికీ వస్తాయి. కార్యవర్గం మారితే 90 రోజుల్లో చారిటీ కమిషనర్ కార్యాలయానికి తెలపాలి. ట్రస్టు స్థలం, భవనం అమ్మాలంటే ముందుగా అక్కడి అనుమతి తీసుకోవాలి.

సంఘం ఆస్తి అంటే మగ్గాల మీద రెక్కలు ముక్కలు చేసుకున్న పెద్దలు ఇచ్చిన చందాలే. అందుకే మేము కోరేది ఒక్కటే: సర్వసభ్య సమావేశానికి రండి, లెక్కలు అడగండి. లెక్క అడగడం అపనమ్మకం కాదు.