జాతీయ సంస్కృతి – సంక్షోభ కాలంలో బ్యాంకుల స్థిరత్వం

అప్పును, పొదుపును, నష్టభయాన్ని ఒక దేశ ప్రజలు చూసే తీరు అక్కడి బ్యాంకుల నడతను ఎంతవరకు మలుస్తుందో పరిశీలించే అధ్యయన రంగమిది. ఆర్థిక శాస్త్రం, సామాజిక మనస్తత్వ శాస్త్రం, అకౌంటింగ్ మూడూ దీనికి ఆధారాలు. 2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభం తర్వాత దీనికి ప్రాముఖ్యం పెరిగింది.

నేపథ్యం

మత విశ్వాసాలకూ ఆర్థిక జీవితానికీ ఉన్న సంబంధాన్ని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1904–05లో ప్రచురించిన రచనలో చర్చించాడు. అయితే సంస్కృతిని కొలిచే సాధనం లేకపోవడంతో ఆర్థికవేత్తలు చాలాకాలం దాని జోలికి పోలేదు. ఆ లోటును కొంత తీర్చినవాడు డచ్ మనస్తత్వవేత్త గీర్ట్ హాఫ్‌స్టెడ్. 1967–73 మధ్య వివిధ దేశాల ఐబీఎం ఉద్యోగుల నుంచి సేకరించిన లక్షకు పైగా ప్రశ్నపత్రాలను విశ్లేషించి, 1980లో నాలుగు కొలమానాలను ప్రతిపాదించాడు. వాటిలో బ్యాంకింగ్ పరిశోధకులు ఎక్కువగా వాడుకున్నవి రెండు: వ్యక్తివాదం, అనిశ్చితికి వెనుకాడే గుణం. రెండో సూచీలో గ్రీసుకు 112, జపాన్‌కు 92, అమెరికాకు 46 పాయింట్లు వచ్చాయి.

2008 తర్వాతి పరిశోధనలు

2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. అక్టోబరులో ఐస్‌లాండ్‌లోని మూడు పెద్ద బ్యాంకులు గ్లిట్నిర్, లాండ్స్‌బాంకి, కౌప్‌థింగ్ రోజుల వ్యవధిలో కూలిపోయాయి. కొన్ని దేశాల బ్యాంకులు మాత్రమే అంత దుస్సాహసానికి ఎందుకు ఒడిగట్టాయన్న ప్రశ్న అప్పుడు బలంగా ముందుకొచ్చింది. పరిశోధకులు కనగరత్నం, లిమ్, లోబో 2014లో ప్రచురించిన అధ్యయనం దీనికి ఒక సమాధానం చెప్పింది. వ్యక్తివాదం ఎక్కువగా ఉన్న సమాజాల్లో బ్యాంకులు ఎక్కువ రిస్కు తీసుకుంటాయి, రాబోయే నష్టాలను లెక్కల్లో చూపడంలో అంత జాగ్రత్త పాటించవు. అనిశ్చితికి వెనుకాడే సమాజాల్లో ఇందుకు భిన్నమైన తీరు కనిపిస్తుంది. రిస్కును ప్రోత్సహించే సంస్కృతుల్లోనే సంక్షోభ సమయంలో బ్యాంకులు ఎక్కువగా చిక్కుల్లో పడ్డాయని వారు తేల్చారు.

డిపాజిటర్ల ప్రవర్తన

సంస్కృతి ప్రభావం బ్యాంకు అధికారుల గదులకే పరిమితం కాదు, కౌంటర్ ముందు నిలబడే జనంలోనూ కనిపిస్తుంది. 1854, 1857 సంవత్సరాల్లో న్యూయార్క్‌లోని ఎమిగ్రెంట్ ఇండస్ట్రియల్ సేవింగ్స్ బ్యాంకులో ఐరిష్ వలసదారులు భయంతో డబ్బు వెనక్కి తీసుకున్నారు. ఆ బ్యాంకు రికార్డులను పరిశీలించిన ఆర్థికవేత్తలు కెల్లీ, ఓ గ్రాడా ఒక విశేషం గమనించారు. ఎవరు డబ్బు తీశారు, ఎవరు ఉంచారు అన్నది ప్రధానంగా వారు ఐర్లాండ్‌లో ఏ కౌంటీ నుంచి వచ్చారన్నదాన్ని బట్టి ఉంది.

మన దేశంలో 2001 మార్చిలో అహ్మదాబాదుకు చెందిన మాధవ్‌పురా మర్కంటైల్ సహకార బ్యాంకు కుప్పకూలగానే గుజరాత్‌లోని ఇతర సహకార బ్యాంకుల దగ్గర జనం బారులు తీరారు. అలాంటి ఒక బ్యాంకు ఖాతాలను రాజ్‌కమల్ అయ్యర్, మంజు పురి అధ్యయనం చేశారు. ఖాతా తెరిచేటప్పుడు పరిచయకర్తగా సంతకం పెట్టిన వ్యక్తి ఎవరో చూసి, ఖాతాదారుల మధ్య సంబంధాలను గుర్తించారు. తెలిసినవాళ్లు డబ్బు తీస్తే మిగతావారూ అదే బాట పట్టారు. ఆ బ్యాంకుతో ఏళ్ల తరబడి అనుబంధం ఉన్నవారు, అక్కడ రుణం తీసుకున్నవారు మాత్రం అంతగా తొందరపడలేదు. అప్పట్లో లక్ష రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉన్నా, అది భయాన్ని కొంతమేరకే ఆపగలిగింది.

విమర్శలు, పరిమితులు

హాఫ్‌స్టెడ్ చేసినట్టు ఒక్క కంపెనీ ఉద్యోగుల జవాబులతో దేశం మొత్తం స్వభావాన్ని తేల్చడం సరికాదని పరిశోధకుడు బ్రెండన్ మెక్‌స్వీనీ 2002లో విమర్శించాడు. చరిత్ర కూడా అనేక మినహాయింపులు చూపిస్తుంది. అనిశ్చితికి బాగా వెనుకాడే జపాన్‌లో 1990ల్లో బ్యాంకులు మొండి బాకీలను బయటపెట్టకుండా, తీర్చలేని కంపెనీలకే మళ్లీ మళ్లీ అప్పులిచ్చాయి. చివరకు 1997 నవంబరులో హొక్కైడో తకుషోకు బ్యాంకు కూలింది. అనిశ్చితికి వెనుకాడే సూచీలో అగ్రస్థానంలో ఉన్న గ్రీసు 2015 జూన్‌లో బ్యాంకులు మూసి, ఏటీఎంల నుంచి రోజుకు 60 యూరోలకు మించి తీయకుండా కట్టడి చేయాల్సి వచ్చింది.

అన్నింటికన్నా గట్టి ఉదాహరణ కెనడా. ఈ కొలమానాల్లో అది అమెరికాకు దగ్గరగానే ఉంటుంది. అయినా 1930–33 మధ్య అమెరికాలో సుమారు 9,000 బ్యాంకులు మూతపడగా, కెనడాలో ఒక్కటీ మూతపడలేదు. కెనడాలో కొన్ని పెద్ద బ్యాంకులు దేశమంతటా శాఖలు నడిపాయి. అమెరికాలో మాత్రం చాలా రాష్ట్రాల చట్టాలు బ్యాంకులను ఒకే ఊరికి, ఒకే ప్రాంతానికి కట్టేశాయి. తేడా ఎక్కువగా ఈ నిర్మాణంలోనే ఉంది.

అంచనా

సంస్కృతి ఒక్కటే అంతా వివరించలేకపోయినా, ప్రమాదం ఏ రూపంలో ముంచుకొస్తుందో అది ముందుగా సూచించగలదు. సాహసాన్ని మెచ్చుకునే సమాజంలో మూలధన నిబంధనలు కఠినంగా ఉండాలి. నష్టం ఒప్పుకోవడాన్ని పరువు తక్కువగా భావించే సమాజంలో మొండి బాకీలను వెంటనే వెల్లడించేలా ఒత్తిడి తేవాలి. తెలిసినవాళ్లను చూసి జనం డబ్బు తీసే చోట డిపాజిట్ బీమా బలంగా ఉండాలి. భారతదేశంలో 1962 జనవరి 1న మొదలైన డిపాజిట్ బీమా పరిమితిని 2020 ఫిబ్రవరి 4 నుంచి, ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటర్‌కు 5 లక్షల రూపాయలకు పెంచారు.